మధ్యాహ్నం సైరన్ మోగే ఊరు

అక్కా,

నేనే, సుధని. నీ సంవత్సరీకాలు అయిపోయి రెండు నెలలు దాటింది. ఎన్నోసార్లు నీకు రాద్దామని కూర్చున్నాను. ఏం రాయాలో తెలియక లేచిపోయాను. ఇప్పుడేమో చెప్పాల్సింది ఇంత ఉంది... ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

ముందు ఒక్క మాట చెప్పేస్తాను. నిత్య క్షేమంగా ఉంది. మిగతాది వినేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకో. లేకపోతే మధ్యలోనే లేచి చెప్పులేసుకుని బయల్దేరతావు, నీ సంగతి నాకు తెలుసు.

పోయిన వేసవిలో మీ తల్లీకూతుళ్ళు వెళ్దామనుకున్న ప్రయాణం ఉంది కదా, సౌత్ డకోటాలో అడవిదున్నల్ని చూడ్డానికి... నిత్య దాన్ని వదల్లేదు. కాలేజీలో మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోగానే నాకు ఫోన్ చేసింది. “పిన్నీ, నువ్వు వస్తావా? డాడీ రానంటున్నాడు. నాకు అలోన్ వెళ్ళాలని లేదు,” అంది. ఎలా కాదనను? మా అన్విని వాళ్ళ నాన్న దగ్గర వదిలి, మా ఊరు కాపెల్ నుంచి మీ షికాగోకి ఫ్లైట్ ఎక్కాను.

మీ ఇల్లు అలాగే ఉంది. బావే అలా లేరు. టైర్లలో గాలి చూశారు, వెనక రెండు కేసుల నీళ్ళ సీసాలు పెట్టారు, అద్దాలు తుడిచారు. “మీరిద్దరు పోయి రండి సుధా. నాకు కొత్త ఆఫీస్ల పనున్నది,” అన్నారు. ఆ రోజు శనివారం.

నువ్వు పోయినప్పుడు వచ్చినవాళ్ళందరిదీ ఒకటే మాట. టెన్షన్. బావ జాబ్ పోయింది, హెచ్‌వన్ వీసా గడువు దగ్గరపడింది, నువ్వొక్కదానివే ఇంటిని లాక్కొస్తున్నావు, ఆ టెన్షన్‌కే గుండె ఆగిపోయిందన్నారు. పోస్ట్‌మార్టం చేసినవాళ్ళు గుండెలో ఏ లోపమూ కనబడలేదన్నారు. దాంతో ఆ టెన్షన్ మాటే ఖాయమైంది. ఆ మాట విని బావ వంచిన తల మళ్ళీ ఎత్తలేదు.

సరే, బయల్దేరాం. పెద్ద రోడ్డు ఎక్కుదామా అని అడిగితే నిత్య నీ గొంతు పెట్టి చెప్పింది... “ఇంటర్‌స్టేట్ మీద ఏముంటుందే, ట్రక్కుల వెనక తలుపులు తప్ప?” ఇద్దరం నవ్వాం. చిన్న రోడ్డే పట్టాం.

అటూ ఇటూ మొక్కజొన్న. ఇంకా జానెడు మొక్కలే. ఎంత దూరం చూసినా నేల చదునుగా ఉంటే నాకెప్పుడూ ఏదో భయం అక్కా. దాక్కోడానికి చోటుండదు. నీకేమో అదే ఇష్టం. ఎందుకు ఇష్టమో నేనెప్పుడూ అడగలేదు.

ఇల్లినాయ్ దాటకముందే, ఒక ఊరి బయట రైల్వే గేటు పడింది. నిత్య డ్రైవ్ చేస్తోంది. బండి ఆపి, పార్క్‌లో పెట్టి, చిప్స్ ప్యాకెట్ తెరిచింది. గూడ్స్ రైలు ఇంజను మా ముందుకొచ్చి కూత పెట్టింది. ఆ కూతకి అద్దాలు అదిరాయి.

నిత్య చేతిలో ప్యాకెట్ జారింది. తల గుండెల మీదికి వాలిపోయింది.

నిద్ర ముంచుకొచ్చిందేమో అనుకున్నాను. పిలిచాను. మళ్ళీ పిలిచాను. భుజం పట్టుకుని కుదిపితే తలెత్తింది. ముఖం సున్నం కొట్టినట్టుంది. “వాట్?” అంది, ఏమీ జరగనట్టు. “సారీ పిన్నీ, జోన్ అవుట్ అయ్యాను. ఈ వీక్ అంతా నిద్ర లేదు, ఎగ్జామ్స్ కదా.”

నమ్మాను. నమ్మకపోవడానికి ఏముంది? అయినా అక్కణ్ణుంచి స్టీరింగ్ నేను తీసుకున్నాను. రైలు వెళ్ళిపోయాక కూడా పట్టాల మీద చాలాసేపు సన్నటి రొద మిగిలింది. నిత్య తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటోంది. అవి తనవి కానట్టు.

మిసిసిపీ నది దాటాం. అయోవాలో దారి మూసేశారు, పక్క దారిలో వెళ్ళమని బోర్డు పెట్టారు. ఆ పక్క దారి పక్కన ఒక ముసలావిడ మడతబల్ల వేసుకుని ఎర్రటి కాడలు అమ్ముతోంది. తోటకూర కాడలేమో అనుకుని దిగాను. రూబార్బ్ అట. ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకోమంది.

అక్కా... గోంగూర. అచ్చం గోంగూర పులుపు. నాలుక మీద పడగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పదహారేళ్ళుగా ఈ దేశంలో ఉన్నాను, ఈ సంగతి ఎవరూ చెప్పలేదేం? నీకు తెలుసా? తెలిసి నాకు చెప్పడం మర్చిపోయావా?

“కాడలే తినండి. ఆకులు పారేయండి, విషం,” అంది ముసలావిడ. నవ్వుతూనే చెప్పింది.

“మనం రివర్స్ కదా పిన్నీ? గోంగూరలో ఆకులు తింటాం, కాడలు పడేస్తాం,” అంది నిత్య. అదీ నిజమే. ఆకులతోనే కట్ట కట్టి ఇచ్చింది ఆవిడ. వెనక సీట్లో పెట్టాం. ఆ వెడల్పాటి ఆకులు కారు కుదుపుకి మెల్లగా ఊగుతుంటే, ఎందుకో నాకు అద్దంలోకి చూడాలనిపించలేదు.

మధ్యాహ్నం తిరిగాక ఆకాశం రంగు మారింది. నలుపు కాదు. రాగిచెంబుకి చిలుము పడితే ఉంటుందే, ఆ ఆకుపచ్చ. గాలి ఆగిపోయింది. కొండంత గాలిమరలు రెక్కలు చాచి నిలబడిపోయాయి. అప్పటిదాకా తీగల మీద కూర్చున్న పిట్టలు ఎప్పుడు లేచిపోయాయో చూడలేదు.

రేడియోలో సుడిగాలి రావచ్చంటూ ఊళ్ళ పేర్లు చదువుతున్నారు. మేం ఏ ఊరి దగ్గరున్నామో మాకు తెలియదు. అవి మనకి ముందా, వెనకా? నిత్య ఫోన్‌లో వెతుకుతోంది, సిగ్నల్ రావడం లేదు.

గ్యాస్ స్టేషన్ కనబడగానే తిప్పేశాను. అక్కడ పనిచేసే లావుపాటి ఆవిడ తలుపు దగ్గరే నిలబడి, రండి రండి అని చేత్తో పిలుస్తోంది. లోపల పాలూ, బీరు సీసాలూ పెట్టే చల్లటి గదిలోకి అందర్నీ పంపించింది. ఒక ట్రక్ డ్రైవరు, కుక్కపిల్లని కోటులో దాచుకున్న జంట, మేమిద్దరం. సీసాలు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతున్నాయి.

అప్పుడు సుడిగాలి హెచ్చరికతో ఫోన్లు అరిచాయి. అందరివీ ఒక్కసారే. ఆ మోత నీకు తెలుసు కదా... గొంతు నులిమితే వచ్చే అరుపులాంటిది. ఆ చిన్న గదిలో అది పది రెట్లు వినబడింది.

నిత్య గోడకి ఆనుకుని ఉంది. అలాగే గోడ వెంట కిందికి జారిపోయింది. ట్రక్ డ్రైవరు దాని తల నేలకి కొట్టుకోకుండా పట్టుకున్నాడు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, కానీ వాటిలో నిత్య లేదు. చేతులు రెండుసార్లు కొట్టుకున్నాయి. తర్వాత ఊపిరి పెద్దగా తీసుకుని లేచి కూర్చుంది.

“పాపం, భయపడింది,” అంది గ్యాస్ స్టేషన్ ఆవిడ. ఆరెంజ్ జ్యూస్ ఇచ్చింది. అవును, భయమే, అని అందరం అన్నాం. సుడిగాలి ఉత్తరానికి పోయిందని కబురు వచ్చింది. ట్రక్ డ్రైవరు వెళ్ళేటప్పుడు నా పక్కన ఆగి, “ఈ అమ్మాయిని ఎవరికైనా చూపించండి,” అని గొంతు తగ్గించి అన్నాడు. అతనికేం కనబడిందో?

ఇక దూరం పోలేదు. దగ్గర్లో మోటెల్ తీసుకున్నాం. కిటికీలోంచి పొద్దు గుంకడం కనబడుతోంది, పడమటంతా గాయంలా ఎర్రగా ఉంది. నిత్య మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ఎదురుగా కూర్చుని అడిగాను. నిజం చెప్పు, ఇలా ఇంతకుముందెప్పుడైనా అయిందా?

దుప్పటి అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. “డార్మ్‌లో ఫైర్ అలారం మోగినప్పుడు టూ టైమ్స్ అయింది పిన్నీ. నా రూమ్మేట్ చెప్పింది, నేను పాస్ అవుట్ అయ్యానని. డాడీకి చెప్పలేదు. హి విల్ ఫ్రీక్ అవుట్. మమ్మీ తర్వాత... నీకు తెలుసు కదా.”

మోత. ప్రతిసారీ మోతే. రైలు కూత, ఫోను, ఫైర్ అలారం...

నాకు గుర్తొచ్చింది ఎవరో తెలుసా? అమ్మమ్మ. అమ్మమ్మ నోట్లోని ఆ మాట. జడుపు.

అమ్మ ఎలా పోయిందో నాకు చెప్పింది నువ్వే. దీపావళి మర్నాడు పొద్దున, మిగిలిపోయిన బాంబు ఎవరో మన కిటికీ కింద పేల్చారు. అమ్మ నాకు పాలిస్తోంది. అలాగే పక్కకి ఒరిగిపోయింది. నాకు మూడు నెలలు, నీకు ఏడేళ్ళు. అమ్మ ఒళ్ళోంచి నన్ను తీసింది నువ్వు. పిల్ల జడుసుకుని పోయిందని అమ్మమ్మ మన ఇద్దరి మెడల్లో తాయెత్తులు కట్టించింది. నువ్వు పెద్దయ్యాక నవ్వేదానివి. “జడుపేంటే సుధా, ఏ హార్ట్ ప్రాబ్లమో అయ్యుంటుంది. అప్పట్లో ఎవరు చూశారు?” అనేదానివి.

అంత దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయావేం అక్కా?

తెల్లారగానే వెనక్కి వెళ్దామన్నాను. కానీ వచ్చిన దారి కంటే ముందున్న సూ ఫాల్స్ ఊరే దగ్గర. అక్కడ అపాయింట్‌మెంట్ లేకపోయినా చూసే క్లినిక్ ఒకటి దొరికింది. ఫోన్ చేస్తే మధ్యాహ్నం రమ్మన్నారు. డాక్టర్ చూశాకే డాడీకి చెబుదామని నిత్య బతిమాలింది. సరేనన్నాను. దున్నల సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

దారిలో నిన్నటి గాలి వెళ్ళిన జాడ కనబడింది. ధాన్యం పోసుకునే ఉక్కు గాదె ఒకటి, కోక్ డబ్బాని నలిపి పారేసినట్టు, పొలం మధ్యలో పడి ఉంది. ఇంకొంచెం ముందు ఒక ఇల్లు. ముందు గోడ లేదు. లోపల అన్నీ అలాగే ఉన్నాయి. భోజనాల బల్ల, దాని చుట్టూ కుర్చీలు, బల్ల మీద ఉప్పు సీసా కూడా. గోడొక్కటే పోయింది. ఇంటివాళ్ళు గడ్డిలో ఏవో ఏరుకుంటున్నారు. ఏడవడం లేదు. మేం కారు నెమ్మది చేస్తే చెయ్యి ఊపారు.

నిత్య చాలాసేపు వెనక్కి తిరిగి చూసింది. “వాళ్ళకి వార్నింగ్ వచ్చుంటుందా పిన్నీ?” అంది. వచ్చే ఉంటుందన్నాను. నాకేం తెలుసు?

సూ ఫాల్స్ ఇంకో గంట ఉందనగా నిత్య ఆకలన్నది. అదొక చిన్న ఊరు. నాలుగు వీధులు, ఒక పార్కు, పార్కుకి ఎదురుగా ఆదివారమైనా తెరిచే ఉన్న లైబ్రరీ. చెట్టు కింద బల్ల చూసుకుని కూర్చున్నాం. పొద్దున మోటెల్‌లో కలిపిన పెరుగన్నం డబ్బా నిత్య ఒళ్ళో పెట్టుకుంది. ఆకాశం కడిగినట్టు నీలంగా ఉంది. ఒక్క మబ్బు లేదు. నిన్నటినుంచి మొదటిసారి నా భుజాలు కిందికి దిగాయి. రోడ్డవతల ఒకాయన మిషన్‌తో గడ్డి కోసుకుంటున్నాడు.

మా వెనకే, చెట్ల కొమ్మల్లో, ఒక ఎత్తయిన స్తంభం ఉంది. దాని మీద పసుపుపచ్చ కొమ్ము. నేను చూడలేదక్కా. చూసినా ఏమనుకునేదాన్ని?

సైరన్ మోగింది. ముందు గొంతు సవరించుకున్నట్టు చిన్నగా మొదలై, ఒక్కసారిగా ఆకాశమంత పెరిగింది. నేను ఉలిక్కిపడి పైకి చూశాను. సుడిగాలి ఎక్కడ? నీలంగా ఉంది. ఎక్కడ వస్తోంది? గడ్డి కోస్తున్నాయన తలైనా ఎత్తలేదు. ఎవరికీ వినబడడం లేదా?

పక్కకి తిరిగేసరికి నిత్య గడ్డిలో ఉంది.

ఈసారి లేవలేదు. కుదిపాను, చెంపల మీద కొట్టాను, పిలిచాను. నా పిలుపు నాకే వినబడడం లేదు, సైరన్ ఆగదే. ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. ఊపిరి లేదు. మెడ దగ్గర ఏమీ తగలడం లేదు. పెదాలు... నేరేడుపండు తిన్నట్టు.

నేను అరిచానట. నాకు గుర్తు లేదు. గడ్డి కోస్తున్నాయన మిషన్ అలాగే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. మోకాళ్ళ మీద పడి, రెండు చేతులూ దాని గుండె మీద వేసి నొక్కడం మొదలుపెట్టాడు. లైబ్రరీ మెట్ల మీంచి ఒకావిడ, మెడలో కళ్ళజోడు ఊగుతుంటే, ఎర్ర పెట్టె పట్టుకుని పరుగెత్తుతోంది. గుండెకి షాక్ ఇచ్చే పెట్టె. నిత్య చొక్కా కత్తిరించారు. ఏవో అతికించారు. అందరూ దూరం జరగండి అని ఆ పెట్టే మాట్లాడింది, తొందరేమీ లేని గొంతుతో.

దాని ఒళ్ళు ఒక్కసారి ఎగిరి పడింది.

సైరన్ అప్పటికి ఆగిపోయింది. మనిషి లేని గడ్డి మిషన్ రోడ్డవతల గుడగుడమంటూ ఉంది. ఆ చప్పుడు తప్ప ఊళ్ళో ఇంకేమీ లేదు. నేను ఎవర్ని తలచుకున్నానో చెప్పనా? దేవుణ్ణి కాదు. నిన్ను. అక్కా, దీన్ని నీ దగ్గరికి రానివ్వకు అన్నాను. వస్తే వెనక్కి పంపెయ్యి అన్నాను.

దగ్గింది. మళ్ళీ దగ్గింది. కళ్ళు తెరిచి అంతమంది ముఖాలు చూసి, నా కోసం వెతుక్కుంది.

“పిన్నీ, పెరుగన్నం పడిపోయిందా?” అంది.

లైబ్రరీ ఆవిడ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఆ ఊళ్ళో రోజూ మధ్యాహ్నం పన్నెండుకి సైరన్ మోగిస్తారట. పూర్వం పొలాల్లో ఉన్నవాళ్ళకి భోజనాల వేళ అని తెలియడానికి పెట్టారట. ఇప్పటికీ మానలేదు. “అది మాకు గడియారం లాంటిది. దాన్ని మేం వినడమే మానేశాం,” అంది.

హెలికాప్టర్ వచ్చి నిత్యని సూ ఫాల్స్ తీసుకెళ్ళింది. నన్ను ఎక్కనివ్వలేదు. గడ్డి కోసే ఆయన నా పక్కన కూర్చుని మన కారు తనే నడిపాడు. పేరు అడగాలని కూడా తోచలేదు. దారంతా ఆయన మధ్యమధ్యలో “షి కేమ్ బ్యాక్. షి కేమ్ బ్యాక్,” అనుకుంటున్నాడు. నాకు చెబుతున్నాడో, తనకి చెప్పుకుంటున్నాడో?

ఆస్పత్రిలో గుండె డాక్టరమ్మ నా వయసు మనిషే. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయారా అని అడిగింది. మా అక్క, ఈ అమ్మాయి తల్లి, అన్నాను. ఎలా పోయింది?

బావ నాకు చెప్పింది చెప్పాను. పొద్దున్నే ఫోన్ అలారం మోగింది. బావ చెయ్యి చాచి ఆపారు. నువ్వు లేవలేదు. ఇంకాసేపు పడుకోనిద్దామని బావ వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టారు.

డాక్టరమ్మ వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. “అలారం మోగాక?” అంది. అవునన్నాను. “ఇంకెవరైనా?” అంది. అప్పుడు అమ్మ గురించి చెప్పాను. కిటికీ కింద బాంబు, ఒళ్ళో నేను... చెబుతూ చెబుతూ మధ్యలో నాకే అర్థమైంది.

ఆవిడ కుర్చీ నా దగ్గరికి లాక్కుంది. ఇది పుట్టుకతో వచ్చేదట అక్కా. లాంగ్ క్యూటీ అంటారట. ప్రతి కొట్టుకోవడం తర్వాతా గుండెలో కరెంటు మళ్ళీ సర్దుకోవాలి కదా, మనకి ఆ సర్దుకోవడం ఆలస్యమవుతుందట. ఆ సమయంలో ఉన్నట్టుండి పెద్ద మోత వినబడితే గుండె లయ తప్పుతుంది. ఒక్కోసారి తిరిగి అందుకోదు. గుండెని కోసి చూసినా ఏమీ కనబడదట. అందుకే నీ పోస్ట్‌మార్టంలో ఏమీ దొరకలేదు. పిల్లని కన్న కొత్తలో తల్లికి ఇంకా ప్రమాదమట.

అమ్మకి నేను పుట్టి మూడు నెలలు...

అమ్మమ్మ చూసింది సరిగ్గానే చూసింది. పేరొక్కటే తప్పు పెట్టింది.

బావ మర్నాడు పొద్దున్నే వచ్చారు. డాక్టరమ్మ మళ్ళీ మొదటినుంచి అంతా చెప్పింది. ఆయన చేతులు కట్టుకుని విన్నారు. అంతా అయ్యాక నా వైపు తిరిగి, “అంటే... నా జాబ్ పోయినందుకు కాదా?” అన్నారు. తెలుగు రాని డాక్టరమ్మ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. కాదు బావా, పుట్టినప్పటినుంచీ ఉంది అన్నాను.

బావ వరండాలోకి వెళ్ళి గోడకి ఆనుకుని నేల మీదే కూర్చున్నారు. “నేనే సంపిన అనుకున్న సుధా. ఇన్ని దినాలు...” అన్నారు. నేనూ పక్కన కూర్చున్నాను. ఆయన భుజాలు కదులుతున్నాయి గానీ గొంతు లేదు. చప్పుడు చేస్తే లోపల నిత్యకి వినబడుతుందని.

నిత్యకి భుజం కింద, చర్మం లోపల చిన్న యంత్రం పెట్టారు. గుండె తప్పితే అదే షాక్ ఇస్తుంది. రోజూ మాత్ర. కొన్నాళ్ళు డ్రైవింగ్ లేదు. దానికి అన్నిటికంటే ఆ డ్రైవింగ్ దగ్గరే కోపం వచ్చింది. కోపం రావడం చూసి బావ, నేనూ ఎంత సంతోషించామో.

ఇక్కడితో ఆపేస్తే బాగుండేది. కానీ నీకు అబద్ధం రాయలేను.

ఇది తల్లి నుంచి పిల్లలకి సగానికి సగం అవకాశంతో వస్తుందట. నాకూ అన్వికీ పరీక్ష చేయించమన్నారు. చెంప లోపల దూదితో తుడిచి పంపించాం. ఫలితం వచ్చేదాకా ఇంట్లో చెంచా కింద పడితే చాలు, ముందు అన్వి ముఖం చూసేదాన్ని.

నాకు ఉంది.

అన్వికీ ఉంది.

ఎనిమిదేళ్ళు దానికి. రోజూ మాత్ర మింగి నాలుక చాపి చూపిస్తుంది. నాది కూడా చూపించమంటుంది. ఇద్దరం అద్దం ముందు నాలుకలు చాపుకుని నిలబడతాం. అమ్మ తరఫు వాళ్ళందరికీ ఫోన్లు చేశాను. కొందరు పరీక్ష చేయించుకున్నారు. కొందరు, ఎందుకులే సుధా, లేనిపోని భయాలు అన్నారు. వాళ్ళకి మళ్ళీ చేస్తున్నాను. విసుక్కునేదాకా చేస్తాను.

డోర్‌బెల్ పీకించేశాం. ఫోన్లన్నీ మూగబోయాయి. ప్రెషర్ కుక్కర్ ఎవరికో ఇచ్చేశాను. స్కూల్ తెరిచాక ఫైర్ డ్రిల్ ఉంటే అన్వికి ముందే చెప్పి బయట నిలబెడతామని మాటిచ్చారు. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఒక్కోసారి ఆ నిశ్శబ్దమే ఊపిరి బిగబట్టి ఏదో వినబోతున్నట్టు ఉంటుంది. అపార్ట్‌మెంట్ వెనక పిల్లలు అప్పుడే టపాసులు తెచ్చుకుంటున్నారు. వచ్చే వారం జూలై నాలుగు, ఇక్కడి స్వాతంత్ర్య దినం కదా. ఆకాశాన్ని ఎవరు ఆపగలరు? ఉరిమితే? పక్కింట్లో ఎవరో తలుపు విసిరితే? మాత్ర వేసుకుంటే చాలా మటుకు భయం లేదని డాక్టర్లు అంటారు. ఆ “చాలా మటుకు” బయట మిగిలినదాన్ని పట్టుకుని నేను కూర్చుంటున్నాను.

మొన్న అన్వి బొమ్మకి రంగులు వేసుకుంటూ తలెత్తకుండా అడిగింది. “పెద్దమ్మకి కూడా ఇది ఉందా అమ్మా?”

ఉందన్నాను.

“మరి తనకి టాబ్లెట్ ఎందుకు ఇవ్వలేదు?”

ఏం చెప్పను అక్కా? ఎవరికీ తెలియలేదు అన్నాను. “ఎవ్వరికీనా?” అంది. ఎవ్వరికీ అన్నాను. మళ్ళీ రంగుల్లో పడింది.

నిత్య కబురు... నిన్న వీడియో కాల్‌లో జుట్టు కత్తిరించుకుని కనబడింది. బావ దానికి దోసెలు పోస్తూ వెనక నిలబడ్డారు. తలెత్తే ఉన్నారు. ఏదో అన్నారు, అది నవ్వింది. ఆయన గొంతు నాకు ఫోన్ దాకా వినబడింది.

నాకు పొద్దున్నే మెలకువ వచ్చేస్తోంది. అన్వి పక్కన కూర్చుంటాను. దాని వీపు పైకి లేచి కిందికి దిగడం చూస్తాను. తర్వాత పాదం మీద చెయ్యి వేసి, వేళ్ళు ఒక్కొక్కటే నిమురుతాను. అది మూలుగుతుంది, కాలు లాక్కుంటుంది, మళ్ళీ నా చేతిలో పెడుతుంది. అక్కడ నిత్యని బావ అలాగే లేపుతున్నారు.

నీకు మాటిస్తున్నాను. మన పిల్లల్ని ఇక ఏ మోతా లేపదు. మా చేతులే లేపుతాయి.

నీ
సుధ